బెలూన్ లైటు ఆరిన కారు

నేను కార్ల వైరింగ్ మెకానిక్‌ని. ఇప్పుడు చేయడం లేదు. వేళ్లు సన్నటి వైరును పట్టుకోలేకపోతున్నాయి, కళ్లద్దాలు పెట్టుకున్నా ఎరుపుకీ గోధుమ రంగుకీ తేడా సరిగా తెలియడం లేదు. వైరింగ్ చేసేవాడికి ఈ రెండూ పోయాక షెడ్డులో మిగిలేది టీ తాగడం ఒక్కటే. అలా టీ తాగుతూ కూర్చుంటే పని నేర్చుకుంటున్నవాళ్లు వచ్చి ఏవేవో అడుగుతుంటారు. ఎక్కువమంది అడిగేది మాత్రం ఇదే: "పెద్దన్న, బెలూన్ లైటు ఎట్ల ఆర్పాలె?"

ఆ మాట వింటే నేను ఇప్పటికీ టీ గ్లాసు కింద పెట్టేస్తాను. వాళ్లకు పని తెలియక అడుగుతున్నారని కోపం లేదు. భయం తెలియకుండా అడుగుతున్నారే అని బెంగ. అందుకే ఇది రాస్తున్నాను. ఎక్కడ ఎంత జీతానికి చేశాను, ఎప్పుడు సొంత షెడ్డు పెట్టాను అన్నవి మీకు పనికిరావు. నన్ను భయపెట్టిన సంగతులు పనికొస్తాయి.

ముందు తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. ఎయిర్‌బ్యాగ్‌ని మా దగ్గర అందరూ బెలూన్ అంటారు. కారు దేనికైనా గుద్దుకుంటే స్టీరింగులోంచి, ఎడమవైపు డాష్‌బోర్డులోంచి రెప్పపాటులో ఉబ్బి బయటికొస్తుంది. సీటు బెల్టును గట్టిగా బిగించడానికి కూడా లోపల ఒక చిన్న మందుగుండు ఉంటుంది. ఈ వైర్లకూ, వాటిని కలిపే కప్లర్లకూ పసుపు రంగు వేస్తారు, ముట్టుకునే ముందు ఆగి ఆలోచించమని. తాళం తిప్పగానే మీటరులో బెలూన్ లైటు వెలిగి, కాసేపటికి ఆరిపోవాలి. ఆరకుండా వెలుగుతూనే ఉంటే లోపల ఎక్కడో తేడా ఉందని అర్థం. అలాంటప్పుడు కారు గుద్దుకున్నా బెలూన్ తెరుచుకోకపోవచ్చు.

బ్రేకు బాగుచేస్తే రోడ్డు మీదికి తీసుకెళ్లి తొక్కి చూస్తాం. హారన్ బాగుచేస్తే నొక్కి చూస్తాం. బెలూన్ బాగుచేసి చూడటానికి దారి లేదు. మనం చేసిన పని సరైనదో కాదో తెలిసేది ఎవరో ఒకరు చావు అంచుకు వెళ్లిన రోజునే. ఇది మీకు ఒంటబట్టిందా, మిగతా పని, తేడా ఎక్కడుందో చూపించే స్కానర్ మిషనే నేర్పుతుంది.

జనగామలో ఉస్తాద్

మాది లింగాల ఘనపూర్ పక్కన చిన్న పల్లె. పని నేర్చుకున్నదీ, చాలా ఏళ్లు చేసిందీ జనగామలో, హైదరాబాద్ రోడ్డు మీద రాజలింగం ఉస్తాద్ షెడ్డులో. ఉస్తాద్‌కి స్కానర్ అంటే చిన్నచూపు. ఒక సూది, ఒక చిన్న బల్బు, వాటికి మూరెడు వైరు: ఈ టెస్ట్ బల్బుతోనే లారీ దగ్గర్నుంచి జీపు దాకా అన్నింటి జబ్బులూ కనిపెట్టేవాడు. వైరులోకి సూది గుచ్చుతాడు, బల్బు వెలిగితే కరెంటు ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. అంత చురుకైన చెయ్యి నేను మళ్లీ చూడలేదు.

తెలంగాణ కోసం రోజుకో రాస్తారోకో జరుగుతున్న కాలం అది. ఆ రోజు మా షెడ్డు ముందే కాలేజీ పిల్లలు రోడ్డు మీద కూర్చున్నారు. వాళ్లకు ఎదురుగా పోలీసులు నిలబడ్డారు. ఉస్తాద్ షట్టర్ సగం దించి, లోపల ఒక పాత కారు పని పట్టుకున్నాడు. కొన్న ఏడాది నుంచీ బెలూన్ లైటు ఆరడం లేదని ఓనరు వదిలి వెళ్లిన కారు.

స్టీరింగు కింద పసుపు వైరు బయటికి లాగి, ఉస్తాద్ టెస్ట్ బల్బు తీశాడు.

"ఉస్తాద్, బ్యాటరీ తీసేద్దామా?" అన్నాను.

"తీస్తే పాటల డబ్బ లాక్ అయితది. సేటు లొల్లి పెడ్తడు. నువ్వు ఊకో సత్తి."

సూది గుచ్చాడు. దాని తర్వాత వచ్చిన చప్పుడు నా జన్మలో మర్చిపోను. షట్టర్ రేకు అదిరింది. కారు నిండా తెల్లటి పొగ, పటాకుల వాసన. ఉస్తాద్ వెల్లకిలా పడిపోయి ఉన్నాడు, ముఖమంతా తెల్లటి పిండి.

నేను ఉస్తాద్ దగ్గరికి వెళ్లబోయేలోగా బయట కేకలు. "కాల్చిండ్రు, కాల్చిండ్రు" అని ఎవరో అరిచారు. కూర్చున్న పిల్లలంతా ఒక్కసారిగా లేచారు. పోలీసులేమో తమ మీద ఏదో విసిరారనుకుని ముందుకు కదిలారు. ఆ రెండు గుంపుల మధ్య మహా అయితే ఒక లారీ పట్టేంత చోటు. నేను షట్టర్ కింది నుంచి బయటికి దూరి, రెండు చేతులూ పైకెత్తి, "కారు బెలూన్ సార్, కారు బెలూన్ పేలింది" అంటూ వాళ్ల మధ్యకు వెళ్లాను. ముందున్న పోలీసాయనకు కారులో బెలూన్ ఉంటుందనే తెలియదు. నన్ను కిందికీ పైకీ చూశాడు. లాఠీ దించలేదు.

అప్పుడు పిల్లల్లోంచి ఒకతను వచ్చి, షట్టర్ కింద తల పెట్టి లోపలికి చూశాడు. ఉస్తాద్‌ని చూశాడు, వేలాడుతున్న బెలూన్‌ని చూశాడు. వెనక్కి వెళ్లి తమవాళ్లతో, "కూసోండ్రి. పోలీసోళ్లు గాదు, కారు పేలింది, గంతే" అన్నాడు. వాళ్లు కూర్చున్నారు. తొక్కిసలాటలో ఒక ముసలమ్మ పడి మోకాళ్లు గీరుకుపోయాయి. అంతకుమించి ఏమీ కాలేదు. కాకపోవడం మా అదృష్టం తప్ప అందులో ఎవరి గొప్పా లేదు.

ఉస్తాద్ చేతి వేళ్లు రెండు విరిగాయి. బొటనవేలు మళ్లీ నిటారుగా రాలేదు. ఆయన పని తెలియనివాడు కాదు. తెలిసిన పనే అన్నింటికీ సరిపోతుందనుకున్నాడు. మీరు మాత్రం పసుపు వైరు కనిపిస్తే ముందు బ్యాటరీ తీసి, ఆగి, వెళ్లి ఒక టీ తాగి రండి. పాటల డబ్బా లాక్ అయితే కానివ్వండి.

భూపాలపల్లిలో దొంగ లైటు

ఉస్తాద్ షెడ్డు మూతపడ్డాక కొంతకాలం భూపాలపల్లిలో చేశాను. చెల్పూర్ వైపు ఆఫీసర్లకు అద్దె కార్లు తిప్పే ఒక కాంట్రాక్టర్ దగ్గర పని. మనిషి మంచివాడే, పండక్కి బట్టలు పెట్టేవాడు. ఒక రోజు నన్ను పిలిచి, ఒక కారు చూపించి, "బెలూన్ లైటు వైరు తీస్కపోయి ఆయిల్ లైటు వైరుకు కలుపు సత్తయ్య" అన్నాడు.

ఆ కిటుకు ఏమిటంటే, ఆయిల్ లైటు తాళం తిప్పగానే వెలుగుతుంది, ఇంజన్ స్టార్టయితే ఆరుతుంది. దానికి జత చేస్తే బెలూన్ లైటు కూడా అలాగే వెలిగి, అలాగే ఆరుతుంది. చూసేవాడికి అంతా సక్రమంగా ఉన్నట్టే కనిపిస్తుంది. లోపల బెలూన్ చచ్చిపోయి ఉంటుంది.

నేను చేయనన్నాను. ఆయన కోప్పడలేదు, నవ్వాడు. "నీకు భయమెక్కువ" అన్నాడు. పక్కనున్న వేరే మెకానిక్ నేను బీడీ ముట్టించేలోపు ఆ పని చేసేశాడు. ఆ కారు తర్వాత ఎవరికో అమ్ముడుపోయింది. ఎవరు కొన్నారో, పిల్లాపాపలతో ఎక్కడెక్కడ తిరిగారో నాకు తెలియదు. ఆ రంగు కారు రోడ్డు మీద కనిపిస్తే చాలా రోజులు తలతిప్పి మీటరు వైపు చూసేవాణ్ని. నాకు భయమెక్కువన్న మాట నిజమే. ఆ మాట నాకు తిట్టులా అనిపించలేదు.

మానుకోటలో సోమ్లా కారు

ఆ తర్వాత మహబూబాబాద్ వచ్చి సొంతంగా చిన్న షెడ్డు వేసుకున్నాను. మహబూబాబాద్ అని బోర్డుల మీదే ఉంటుంది, మాకందరికీ అది మానుకోటే. సోమ్లా అక్కడే పరిచయమయ్యాడు. మరిపెడ దగ్గర ఒక తండా అతనిది. హైదరాబాద్‌లో కూలీ, డ్రైవర్ పనులు చేసి, అక్కడే ఒక పాత కారు కొనుక్కుని ఊరికి వచ్చాడు. కిరాయికి తిప్పేవాడు. తెలంగాణ సమ్మెతో బస్సులు ఆగిపోయిన రోజుల్లో చుట్టుపక్కల తండాల్లో ఎవరికి ఒంట్లో బాగోలేకపోయినా దవాఖానకు సోమ్లా కారే దిక్కు.

అతని భార్య మంగ్లీ. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఇప్పుడు మళ్లీ కడుపుతో ఉంది. మానుకోట డాక్టరమ్మ తరచుగా వచ్చి చూపించుకోమంది. వెనక సీట్లో కూర్చుంటే మంగ్లీకి వాంతులు, అందుకని ముందే కూర్చునేది. బెల్టు పెట్టుకునేది కాదు, కడుపు మీద ఒత్తుతుందని.

ఆ కారుకు బెలూన్ లైటూ బెల్టు లైటూ రెండూ వెలిగేవి. సోమ్లా మొదటిసారి వచ్చినప్పుడు అడిగింది ఒక్కటే.

"పీకెయ్యన్న దాన్ని. ఊకె వెలుగుతాంది. ఎప్పుడన్న దానంతట అదే పేలి ఆమె కడుపుకు తాకితే ఏం గావాలె?"

మంగ్లీ కూడా నా వైపే చూస్తోంది. "లోపలున్న బిడ్డకు ఏమన్న ఐతదా అన్న?" అని అడిగింది.

నాకు ఉస్తాద్ ముఖం కళ్ల ముందు మెదిలింది. ఏమీ కాదని చెప్పడానికి నోరు రాలేదు. "దానంతట అది పేలదు చెల్లె. కానీ బండి దేనికన్న గుద్దితే, అది లేకుంటే ఇంకా కష్టం" అన్నాను. సీటును వెనక్కి చివరిదాకా జరిపించాను. బెల్టు కింది భాగం కడుపు మీద కాకుండా తొడల మొదట్లో ఎలా ఉండాలో చూపించాను. తర్వాత స్కానర్ పెట్టి చూస్తే ఎడమ ముందు సీటు కింద, బెల్టును బిగించే వైరు దగ్గర తేడా అని వచ్చింది. బ్యాటరీ తీసి, ఆగి, సీటు కింద పసుపు కప్లర్ చూశాను. కొంచెం వదులైంది. శుభ్రం చేసి నొక్కాను. లైట్లు ఆరాయి.

కొన్నాళ్లకే మళ్లీ వచ్చాడు. మళ్లీ వెలిగాయి. మళ్లీ చేశాను. మళ్లీ వచ్చాడు. ఎప్పుడు చూసినా అదే కప్లర్, అదే వదులు. నాకు నిద్ర పట్టడం మానేసింది. ఆమె కూర్చునే సీటు కిందే అది. నేను బాగైందని చెప్పి పంపిన ప్రతిసారీ మధ్యలో ఎక్కడో అది ఊడిపోతోంది. అంటే మంగ్లీ నా మాట నమ్మి, పనిచేయని బెల్టు పెట్టుకుని తిరుగుతోందన్నమాట. "సీటు కింద ఏమన్న పెడ్తవా?" అని సోమ్లాని అడిగితే, "ఏం బెట్టనన్న" అనేవాడు. నేను చూసినప్పుడు కూడా అక్కడ ఏమీ ఉండేది కాదు.

చివరికి నాకు తోచింది ఒక్కటే, ఆ కారులో నేనూ ఎక్కి చూడాలి. ఒక బంద్ రోజు వాళ్లు దవాఖానకు వచ్చి తిరిగి తండాకు పోతుంటే, నేను వెనక సీట్లో ఎక్కాను. సోమ్లా ఇబ్బందిగా కదిలాడు కానీ కాదనలేదు. ఊరి చివర బంధువుల ఇంటి ముందు కారు ఆపి లోపలికి వెళ్లాడు. వచ్చేటప్పుడు చేతిలో ఒక జెండా ఉంది. పొడుగాటి వెదురు కర్ర, దానికి చుట్టిన గుడ్డ. నా ముఖం చూడకుండా దాన్ని మంగ్లీ సీటు కిందికి తోశాడు.

కొంత దూరం పోగానే రోడ్డుకు అడ్డంగా ఎడ్లబండి, రాళ్లు. జనం రోడ్డు మీదే వంట చేసుకుంటున్నారు. ఒకతను కర్ర పట్టుకుని ముందుకొచ్చాడు.

"ఎవలు? ఏడికి?"

"దవాఖాన కేసన్న. తండకు పోతున్నం."

"జెండ ఏది మరి?"

సోమ్లా సీటు కిందినుంచి జెండా లాగి కిటికీలోంచి బయటపెట్టి, "జై తెలంగాణ" అన్నాడు. రాళ్లు జరిపారు. మలుపు తిరగ్గానే దూరంగా పోలీసు జీపు కనిపించింది. సోమ్లా ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, ఇంకో చేత్తో ఆ కర్రను గబగబా సీటు కిందికి కుక్కాడు. జెండా ఉన్న బండిని పోలీసులు దింపి ప్రశ్నలు వేస్తున్న రోజులు. జెండా లేని బండిని జనం ఆపుతున్నారు. మధ్యలో నిండు గర్భిణి. దారి పొడుగునా అతను ఆ కర్రను తీయడం, కుక్కడం. మూడోసారో నాలుగోసారో కుక్కినప్పుడు మీటరులో బెలూన్ లైటు వెలిగింది.

నేను ముందుకు వంగి చూశాను. వెదురు కర్ర చివర పసుపు కప్లర్‌కు తగులుకుని ఉంది. దాని మీద మంగ్లీ కూర్చుని ఉంది. ఏ గుంటలోనో కారు పడి ఆ వైర్లు ఒకదానికొకటి రాసుకుంటే ఏమవుతుందో నేను చెప్పలేను. ఏమీ కాకపోవచ్చు. ఆ 'కాకపోవచ్చు' మీద ఒక కడుపును ఎలా వదిలేస్తాం?

"తమ్మీ, బండి పక్కకు ఆపు. తాళం తీయి" అన్నాను.

చింతచెట్టు కింద ఆపాడు. నేను వంగి, కర్రను మెల్లగా వెనక్కి లాగాను. సోమ్లా తల వంచుకున్నాడు.

"మానుకోటల పోలీసోళ్లున్నరని జెండ చుట్టాలింట్ల పెట్టి వస్తుంటి. నువ్వు ఎవలికన్న చెప్తవేమోనని చెప్పలే అన్న."

నన్ను కూడా అనుమానించాల్సి వచ్చిందంటే ఆ రోజులు అలా ఉండేవి. నాకు కోపం రాలేదు. పని నేర్చుకునేవాళ్లకు ఇక్కడ చెప్పాల్సింది ఒకటి ఉంది. పదేపదే వచ్చే జబ్బుకు మందు చాలాసార్లు కారులో ఉండదు, ఆ కారును మనిషి ఎలా వాడుతున్నాడో అందులో ఉంటుంది. కనీసం ఒక్కసారి వాళ్లతో కలిసి వాళ్ల దారిలో ప్రయాణం చేయండి. అడిగితే అందరూ అన్నీ చెప్పరు. భయంలో ఉన్నవాళ్లు అసలు చెప్పరు.

మర్నాడు షెడ్డులో ఆ కప్లర్ మార్చేశాను. వైరును సీటు చట్రం లోపలి అంచుకు పెట్టి కట్టాను, ఏదీ తగలకుండా. జెండా కర్రను కురచగా కోసి, డ్రైవర్ తలుపు జేబులో పట్టేలా చేశాను. ఈసారి లైట్లు ఆరాయి, మళ్లీ వెలగలేదు. మంగ్లీ దవాఖానకు పోయినప్పుడల్లా సోమ్లా షెడ్డు ముందు ఆపి, తాళం తిప్పి చూపించి పోయేవాడు. నెలలు నిండి, దవాఖానలోనే ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం అని కబురొచ్చిన రోజు నేను చాలా రోజుల తర్వాత కంటినిండా నిద్రపోయాను.

పిల్లతో వచ్చిన రోజు

పిల్లకు టీకా వేయించడానికి వచ్చి, నాకు చూపించి పోదామని వాళ్లు షెడ్డు దగ్గర ఆగారు. నేను చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాను. మంగ్లీ ముందు సీట్లో ఉంది. ఒళ్లో పిల్ల. బెల్టు ఇద్దరికీ కలిపి పెట్టుకుంది.

"సూడన్న, బెల్టు పెట్టుకున్న. పిల్లకు సుత పెట్టిన" అంది, సంతోషంగా.

సోమ్లా తాళం తిప్పాడు. బెలూన్ లైటు వెలిగింది, కాసేపటికి టక్కున ఆరింది. "మళ్ల ఒక్కసారి రాలేదన్న" అన్నాడు.

వెలిగే లైట్లు చూసి భయపడ్డవాణ్ని ఎన్నో ఏళ్లు. ఆరిన లైటు చూసి భయపడటం అదే మొదటిసారి. బెలూన్ ఇప్పుడు మేలుకుని ఉంది. దానికి ఎదురుగా, జానెడు దూరంలో, పిల్ల తల ఉంది. ఏ ఎడ్లబండికో కారు తగిలితే, ఉస్తాద్ వేళ్లు విరగ్గొట్టిన దెబ్బ ఆ లేత తల మీద పడుతుంది. దాన్ని అలా మేల్కొలిపింది నేనే.

"చెల్లె, దిగు. పిల్లను తీస్కొని వెనక కూసో."

ఆమె పిల్లను గుండెకు హత్తుకుని నా వైపు చూసింది. "ఏమైంది?"

చెప్పాను. బెలూన్ పెద్దవాళ్లను కాపాడేది, ఒళ్లో పిల్ల ఉంటే పిల్లనే కొడుతుందని. ఇద్దరికీ కలిపి బెల్టు పెడితే, గుద్దుకున్నప్పుడు తల్లి బరువంతా పిల్ల మీదే పడుతుందని. సోమ్లా స్టీరింగు వదిలేసి దిగి వచ్చాడు.

"గప్పుడే పీకెయ్యమంటి గదన్న నేను. నువ్వే వద్దంటివి. పెట్టుకో మంచిదంటివి."

అతను అన్నది నిజం. "కడుపుల ఉన్నప్పుడు గదే మంచిది. ఒళ్లకొచ్చినంక గాదు" అన్నాను.

"మరి ఇప్పుడు పీకు."

ఒక్క నిమిషం పని. కప్లర్ ఊడబీకితే లైటు వెలుగుతుంది, బెలూన్ పడుకుంటుంది. చెయ్యి అటు పోయింది కూడా. కానీ లైటు వెలిగిందంటే రెండు బెలూన్లూ ఆగినట్టే, సోమ్లా ముందున్నదీ పడుకుంటుంది. బంద్ రోజుల్లో ఆ రోడ్ల మీద, రాళ్ల మధ్య రోజూ తిరిగేది అతను. అతను లేకపోతే ఆ తల్లీపిల్లల గతేమిటి? చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

భార్యాభర్తలు తమ భాషలో ఏదో మాట్లాడుకున్నారు. నాకు అర్థం కాలేదు. మంగ్లీ బెల్టు తీసి, పిల్లను ఎత్తుకుని దిగింది. "వాంతులైతె ఐనయ్" అని వెనక తలుపు తెరుచుకుని ఎక్కింది.

ముందు సీటు ఖాళీ అయింది. మరిపెడ దాకా గతుకుల రోడ్డు. మధ్యలో ఎక్కడో కడుపులో తిప్పి ఆమె దిగుతుంది, మొహం కడుక్కుంటుంది, తండా దగ్గరే కదా అని మళ్లీ ముందుకొచ్చి కూర్చుంటుంది. నాకు అది కళ్లకు కట్టినట్టు కనిపించింది. షట్టర్ దించి తాళం వేశాను. వెళ్లి ఆ ముందు సీట్లో నేను కూర్చుని బెల్టు పెట్టుకున్నాను.

ఇన్ని కార్లు బాగుచేశాను కానీ, నా చేత్తో మేల్కొలిపిన బెలూన్‌కి ఎదురుగా కూర్చుని ఊరు దాటడం అదే మొదలు. డాష్‌బోర్డు మీద ఆ చిన్న గీత కనిపిస్తుంటుంది, అక్కడే అది చీల్చుకుని వస్తుంది. దాని మీదినుంచి చూపు తిప్పలేకపోయాను. వెనక మంగ్లీ కిటికీలోంచి తల బయటపెట్టి వాంతి చేసుకుంటోంది. పిల్ల ఏడుస్తోంది.

"భయమైతుందా అన్న?" అన్నాడు సోమ్లా, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"అయితుంది" అన్నాను. "మెల్లగ తోలు తమ్మీ."